వైప్పారు: కొన్నాళ్ళే పారే మన యేరు

మదురై నుంచి తిరునెల్వేలికి రైల్లో వెళ్ళేవారు సాత్తూరు దగ్గర ఒక వంతెన దాటుతారు. కిటికీలోంచి కిందికి చూస్తే ఏడాదిలో చాలా నెలలు కనిపించేది ఇసుక, తుమ్మచెట్లు, అక్కడక్కడ మేస్తున్న మేకలు. ఇంత చిన్న నీటికి ఇంత పెద్ద వంతెన ఎందుకు కట్టారా అని కొత్తవాళ్ళు అనుకుంటారు. ఆ ఊరివాళ్ళకు మాత్రం అలాంటి అనుమానం రాదు. కార్తీక మాసంలో ఒక రాత్రి కొండమీద గట్టివాన కురిస్తే, తెల్లవారేసరికి ఆ వంతెన కింద ఎర్రని నీళ్ళు ఒడ్డు నుంచి ఒడ్డుకు పారడం వాళ్ళు చూసినవాళ్ళే. ఆ యేటి పేరు వైప్పారు. ఈనాటి ప్రసంగంలో ఆ యేటి గురించీ, దానిలో కలిసే చిన్నచిన్న యేళ్ళ గురించీ నాలుగు మాటలు చెప్పుకుందాం.

గంగ, గోదావరి, కావేరుల గురించి బళ్ళో పిల్లలు చదువుకుంటారు. వైప్పారు గురించి ఎవరూ చెప్పరు. రాజపాళయంలో, శ్రీవిల్లిపుత్తూరులో, శివకాశి చుట్టుపక్కల, సాత్తూరు, కోవిల్‌పట్టి, విళాత్తికుళం పల్లెల్లో తరతరాలుగా ఇంట్లో తెలుగు మాట్లాడుకుంటూ వీధిలో తమిళం మాట్లాడే మీ అందరికీ ఇది సొంత యేరు. మదురై నాయకరాజుల కాలంలోనూ దానికి అటూ ఇటూ వచ్చిన మన పెద్దలు దిగి నిలిచింది ఈ నల్లనేల మీదే, ఈ వంకల ఒడ్డునే.

ముందు యేటి చోటు చెప్పుకుందాం. పడమట కొండలు, తూర్పున మన్నార్ సింధుశాఖ. ఉత్తరాన వైగై, గుండారు, దక్షిణాన తామ్రపర్ణి. నడుమ మిగిలిన నేలలో ఎక్కువ భాగం వైప్పారుది. పొడవు దాదాపు 146 కిలోమీటర్లు. దీనిలోకి నీరు దిగే నేల 5,300 చదరపు కిలోమీటర్లకు చేరువ. ఇప్పటి లెక్కలో తెన్‌కాశి, విరుదునగరం, తూత్తుక్కుడి, ఈ మూడు జిల్లాల్లో పారుతుంది. తెన్‌కాశి 2019లో విడిపోయిన కొత్త జిల్లా. అంతకుముందు పాత తిరునెల్వేలి, పాత రామనాథపురం జిల్లాలు ఈ నేలను పంచుకునేవి.

ఇరుగు పొరుగు యేళ్ళను చూస్తే వైప్పారు మీద జాలి వేస్తుంది. తామ్రపర్ణికి కొండమీద రెండు ఋతువుల్లోనూ వాన పడుతుంది గనుక అది ఎండదు. వైగైకి సొంత నీరు తక్కువే అయినా, 1895లో పెరియారు ఆనకట్ట కట్టి, కొండకు సొరంగం తవ్వి, పడమటి వైపు పోయే నీళ్ళను తూర్పుకు తిప్పారు. ఆ నీళ్ళతో మదురై పొలాలు పచ్చబడ్డాయి. ఈ రెండింటి నడుమ పుట్టిన వైప్పారుకు అటు దేవుడి చలవా లేదు, ఇటు దొరల సొరంగమూ లేదు. వత్తిరాయిరుప్పు దగ్గర పిళవక్కల్‌లో ఒక పెరియారు ఉన్నమాట నిజమే. అది వేరు, కేరళ పెరియారు వేరు. పేరు ఒకటే గాని ఇది మన కొండవాగు. దూరపు బంధువులు పేపర్లో పెరియారు నిండిందని చదివి మనకు ఫోన్ చేసి సంతోషపడుతుంటారు. వాళ్ళకు ఈ సంగతి చెప్పండి.

నీళ్ళు తక్కువ కావడానికి కారణం కొండ. జూన్‌లో నైరుతి మేఘాలు అరేబియా సముద్రం మీదుగా వచ్చి కొండ పడమటి ముఖాన కుమ్మరిస్తాయి. శిఖరం దాటి ఇటు దిగేసరికి వాటిలో నీరు మిగలదు, గాలే మిగులుతుంది. ఆడి మాసంలో ఇక్కడ వీచే దుమ్ముగాలి మీకు తెలిసిందే. కుట్రాలం జలపాతాల్లో ఆ రోజుల్లో నీరు దూకుతుందిగదా, అది మన యేటికి రాదా అని కొందరు అడుగుతారు. రాదు. ఆ నీరు చిత్తారులో పడి తామ్రపర్ణికి పోతుంది. మన వాన ఐప్పసి, కార్తీకాల్లో, అంటే అక్టోబరు నుంచి డిసెంబరు దాకా బంగాళాఖాతం వైపునుంచి వచ్చే ఈశాన్యపు వాన. అదీ మూడు నెలలూ పట్టుగా కురవదు. నాలుగైదు గట్టి వానలు పడితే ఏడాది బాగున్నట్టు. అవి తప్పితే కరువే.

ఇక ఉపనదులు. ప్రభుత్వ జలవనరుల లెక్కల్లో వైప్పారును పదమూడు చిన్న పరీవాహకాలుగా విడదీస్తారు. నిచ్చేపనది, కళింగలారు, దేవియారు, నాగరియారు, సెవల్‌పెరియారు, కాయల్‌కుడియారు, వల్లంపట్టి ఓడై, సిందపల్లి ఉప్పోడై, అర్జున నది, కౌశిక నది, ఉప్పత్తూరారు, సెంగోట్టయారు, చివరికి అసలు వైప్పారు. ఈ పేర్లన్నీ ఒక్కసారి పైకి చదివి చూడండి. ఆరు అంటే యేరు. ఓడై అంటే మన వంక. ఉప్పోడై అంటే ఉప్పువంక. నీరు ఎలా ఉంటుందో పేరే చెబుతోంది. వీటిలో కొండమీద పుట్టేవి కొన్ని, మైదానంలో చెరువుల అలుగునీటితోనే పుట్టేవి కొన్ని. ఈ తేడా గుర్తుంచుకోండి, ముందు మళ్ళీ పనికొస్తుంది.

వాసుదేవనల్లూరు, శివగిరి పడమట ఉన్న కొండల్లో దక్షిణపు పాయలు మొదలవుతాయి. నిచ్చేపనది శంకరన్‌కోయిల్ ప్రాంతానిది. నాగరియారు దేవదానం దగ్గర కొండ దిగుతుంది, అక్కడ శాస్తా కోయిల్ జలాశయం ఉంది. రాజపాళయం శ్రోతలకు ముడంగియారు గురించి నేను చెప్పడం కొక్కిరాయికి ఈత నేర్పినట్టే అవుతుంది. అయ్యనారు కోయిల్ వైపునుంచి వచ్చే ఆ నీటిని ఆరో మైలు దగ్గర పట్టి ఊరికి తాగడానికి ఇస్తున్నారు. విజయనగరపు కాలంనుంచి చెప్పుకునే రాజుల వలస ఈ కొండపాదాన ఎందుకు నిలిచిందో ఆ నీళ్ళు చూస్తే అర్థమవుతుంది. 1949 నుంచి 1952 దాకా మద్రాసు రాష్ట్రానికి ముఖ్యమంత్రిగా ఉన్న పి.ఎస్. కుమారస్వామిరాజా ఈ ఊరివాడే.

ఈ పడమటి పాయల నీరు పోగై వెంబకోట్టై జలాశయానికి చేరుతుంది. అక్కడే యేటి ఎడమ ఒడ్డున విజయకరిసల్‌కుళం అనే ఊరుంది. కరిసల్ అంటే నల్లరేగడి, కుళం అంటే చెరువు. నేల సంగతీ నీటి సంగతీ ఒక్క పేరులో ఇమిడిపోయాయి. ఆ ఊరి మెరకలో తమిళనాడు పురావస్తుశాఖవారు 2022 మార్చిలో తవ్వకాలు మొదలుపెట్టారు. చిన్న రాతిపనిముట్లు, మట్టిబొమ్మలు, శంఖపు గాజులు బయటపడ్డాయి. శంఖం సముద్రంలోది. ఊరేమో తీరానికి చాలా లోపల, కొండకు దగ్గర. ఆ గాజుల సరుకు ఈ యేటి ఒడ్డు పట్టుకునే పైకి వచ్చి ఉంటుందని నా ఊహ. ఇసుక తప్ప ఏమీ లేదనుకునే యేరు ఒకనాడు సముద్రానికీ కొండకూ నడుమ బాటగా ఉండేదేమో అనిపిస్తుంది.

ఉత్తరపు కొమ్మ అర్జున నది. చతురగిరి కొండలకింద వత్తిరాయిరుప్పు ప్రాంతంలో పిళవక్కల్ పెరియారు, కోవిలారు అనే రెండు వాగుల మీద రెండు ఆనకట్టలున్నాయి. అక్కడినుంచి అర్జున నది శివకాశికి ఉత్తరంగా తూర్పుకు సాగుతుంది. దారిలో ఆనైక్కుట్టం, గోల్వార్‌పట్టి జలాశయాలు. పాండవులు వనవాసంలో ఉన్నప్పుడు దాహం తీర్చడానికి అర్జునుడు బాణం వేసి రప్పించిన నీరని స్థలపురాణం. నీళ్ళు తక్కువైన సీమల్లో ఇలాంటి కథలు ఎక్కువ.

ఈ అర్జున నది పరిసరాల్లోదే శ్రీవిల్లిపుత్తూరు. తెలుగువాళ్ళకు ఆ పేరు చెవిన పడగానే ఆముక్తమాల్యద గుర్తుకు రావాలి. 1509 నుంచి 1529 దాకా ఏలిన కృష్ణదేవరాయలు విష్ణుచిత్తుడి కథకూ గోదాదేవి కథకూ ఈ ఊరినే రంగస్థలం చేసుకున్నాడు. అందులో విల్లిపుత్తూరు వర్ణనలో ఒక చమత్కారముంది. తెల్లవారుజామున మడికాలువల పక్కన బాతులు రెక్కల్లో తల దూర్చుకుని నిద్రపోతుంటాయి. కావలివాళ్ళు వాటిని చూసి, స్నానానికి వచ్చిన బాపనయ్యలు పిండి అక్కడే మరిచిపోయిన పంచెలనుకుంటారు. తిరిగి ఇద్దామని కాలువలోకి దిగుతారు. బాతులు లేచి పారిపోతాయి. అది చూసి పైరుకు కాపున్న ఆడపిల్లలు నవ్వుతారు. కవి ఊహే అనుకోండి. కానీ బాతులు నిద్రపోవాలంటే కాలువలో నీళ్ళుండాలి, కాపు కాయాలంటే వరి పండాలి. కొండకిందనున్న ఈ ఊళ్ళకు చెరువుల కింద వరి ఇప్పటికీ ఉంది. అదే యేరు ఇరవై మైళ్ళు తూర్పుకు పోతే వరి మాయమై పత్తి, జొన్న, సజ్జ, మిరప కనిపిస్తాయి.

కౌశిక నది సంగతి చెప్పడానికి మనసు రాదు, చెప్పకుండా ఉండటానికీ వీల్లేదు. దీనికి పెద్ద కొండ ఆసరా లేదు. మైదానంలోని చెరువుల అలుగునీరే దీనికి ఆధారం. అది విరుదునగరం పట్టణం పక్కగా పోయి కుల్లూర్‌సందై జలాశయానికి చేరుతుంది. సొంత నీరు లేని యేటిలోకి ఒక పట్టణపు మురుగు వచ్చి పడితే ఏమవుతుంది? ఏడాది పొడుగునా పారే యేరు వైప్పారు కుటుంబంలో ఇదొక్కటే, పారేది మురుగు గనుక. వానకాలంలో కొత్తనీరు తోసుకొస్తే ఆ నాలుగు రోజులు తేటబడుతుంది. జలాశయం నిండుగా కనిపించినా కింది రైతు ఆ నీటిని పైరుకు పెట్టడానికి జంకుతాడు. నిండిన చెరువును చూసి రైతు దిగులుపడే రోజు వస్తుందని మన తాతలు అనుకొని ఉండరు.

అర్జున నదీ వైప్పారూ కలిసే చోటు ఇరుక్కంగుడి. రెండు గంగల కుడి, ఇరుగంగైక్కుడి, అదే ఇలా మారిందని చెబుతారు. రెండు యేళ్ళ నడుమ మారియమ్మ గుడి ఉంది. ఆడి కడపటి శుక్రవారానికి జనం ఎంతగా వస్తారో మీలో చాలామంది వెళ్ళి చూసినవాళ్ళే. ఎడ్లబండ్లు కట్టుకొని, యేటి ఇసుకలో పొయ్యి పెట్టి పొంగలి వండుకొని వచ్చిన కుటుంబాలు మనలో ఎన్నో. ఆడి అంటే మన ఆషాఢ శ్రావణాల వేళ, యేరు పొడిగా ఉండే కాలం. అంతమంది నిలవడానికి ఇసుకే చోటిస్తుంది. ఐప్పసిలో అదే ఇసుక మీద మనిషి నిలవలేడు. ఎగువన వాన పడినప్పుడు గుడికి దారి తెగిపోవడం మామూలే. కలయిక దగ్గర కూడా ఇప్పుడు ఒక జలాశయం కట్టారు.

ఇంతకూ యేరు ఎందుకు ఎండి ఉంటుంది? వాన తక్కువ అన్నది సగం జవాబే. మిగతా సగం చెరువుల్లో ఉంది. పాతకాలపు పెద్దలు ఈ యేటిని సముద్రానికి పంపడానికి ఇష్టపడలేదు. కొండ దిగిన వాగుకు అడ్డంగా రాళ్ళు పేర్చి, పక్కకాలువ తీసి, మొదటి చెరువు నింపారు. అది నిండితే కలుజు మీదుగా పొర్లిన నీరు రెండో చెరువుకు, దాని అలుగు మూడోదానికి. ఇలా ఒక గొలుసు. తమిళంలో కన్మాయి అంటారు, మన పల్లెల్లో ఆ మాటే తెలుగులోనూ కలిసిపోయింది. గొలుసు చివరి చెరువు నిండాకే మిగిలిన నీరు యేటిలో పడుతుంది. కాబట్టి యేటిలో నీళ్ళు లేవంటే ఊళ్ళ చెరువుల్లో ఉన్నాయని అర్థం. అది ఆ రోజుల మాట. వంతు ప్రకారం తూము తీసే మనిషికి కళ్ళంలో గింజలు కొలిచేవారు. ఎండాకాలంలో ఊరంతా దిగి పూడిక తీసేవారు. ఆ ఒండ్రుమట్టి మళ్ళీ పొలానికే పోయేది. దానికి కుడిమరామత్తు అని పేరు. 2017లో తమిళనాడు ప్రభుత్వం ఆ పేరుతోనే చెరువుల మరమ్మతు పథకాన్ని మళ్ళీ తెచ్చింది.

ఇప్పుడు గొలుసు చాలాచోట్ల తెగింది. చెరువు ఉంటుంది, చెరువుకు నీరు తెచ్చే కాలువ ఉండదు. కాలువ మీద ఇళ్ళు లేచాయి, లేదా పక్క పొలం కాస్త కాస్త జరిగి దాన్ని మింగింది. పై చెరువు కలుజును నాలుగు రాళ్ళతో ఎత్తు చేస్తే కింది ఊరికి నీరు అందదు. ఇక సర్కారు తుమ్మ. తమిళంలో సీమై కరువేలం. కట్టెలకని తెచ్చిన ఈ చెట్టు కరువులో ఎందరికో పొయ్యిబొగ్గు కూలి ఇచ్చింది, ఆ మాట ఒప్పుకోవాలి. కానీ చెరువు కడుపులోనూ యేటి నడుమలోనూ అల్లుకుపోయి, వచ్చిన నీటిని నిలవనివ్వదు, పోయే నీటిని కదలనివ్వదు. 2017లో మదురై ధర్మాసనం దీన్ని తొలగించమని ఆదేశించింది. కొట్టారు. వేరుతో తీయనిచోట మళ్ళీ మొలిచింది.

ఇసుక గురించి కూడా చెప్పాలి. పైకి పొడిగా కనిపించే యేటి ఇసుక కింద నీరు నడుస్తుంటుంది. వేసవిలో ఆడవాళ్ళు చెలమ తవ్వి, చిప్పతో తోడి బిందె నింపుకునేది ఆ నీరే. సాత్తూరు దోసకాయకు పేరు వచ్చిందంటే దానికీ ఈ యేటి తడే ఆధారం. ఇసుక ఒక స్పంజి లాంటిది. వరదనాడు తాగుతుంది, వేసవిలో మెల్లగా ఒడ్డు బావులకు వదులుతుంది. దాన్ని లారీలకెత్తి పంపితే అడుగున బంకమట్టి మిగులుతుంది. వరద ఒక్కరోజులో సముద్రానికి పోతుంది, బావి మాసిలోనే అడుగంటుతుంది. యేటిలో నీళ్ళు కనపడటం లేదు గనుక ఇసుక తీస్తే నష్టమేమిటి అనేవారున్నారు. కనపడని నీటితోనే కదా మనం ఇన్నాళ్ళూ బతికింది!

ఈ కరువుకు మందుగా చాలాకాలంగా ఒక పథకం వినపడుతోంది. కేరళలోని పంబ, అచ్చన్‌కోవిల్ నదుల నీటిని కొండ తవ్వి వైప్పారుకు తిప్పడం. జాతీయ జల అభివృద్ధి సంస్థ 1995లో దీని సాధ్యాసాధ్యాల నివేదిక సిద్ధం చేసింది. ఏడాదికి 634 మిలియన్ ఘనపు మీటర్లు, అంటే సుమారు 22 టీ.ఎం.సీ.ల నీరు ఇటు తేవాలని, తిరునెల్వేలి, తూత్తుక్కుడి, విరుదునగరం ప్రాంతాల్లో 91,400 హెక్టార్లు తడపాలని ఆలోచన. వైగైకి పెరియారు దొరికినట్టు వైప్పారుకు పంబ దొరుకుతుందన్న ఆశ. ఆ ఆశను తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు, మూడు పంటలు వరసగా ఎండిపోయినవాడికి అసలే లేదు.

అయితే కేరళవారు ఒప్పుకోలేదు. వాళ్ళ మాట కూడా వినాలి. పంబ, అచ్చన్‌కోవిల్ దిగువన కుట్టనాడు ఉంది. అక్కడ సముద్రమట్టం కంటే పల్లంలో వరి వేస్తారు. నదుల నీరు తగ్గితే ఉప్పునీరు వేంబనాడు కాయల్లోంచి పొలాలకు ఎక్కుతుంది. ఉప్పునీటిని ఆపడానికి తణ్ణీర్‌ముక్కం దగ్గర కట్టే కట్టుకున్నవాళ్ళు వాళ్ళు. అసలు మిగులు నీరు ఉందా లేదా అన్న లెక్కలోనే రెండు రాష్ట్రాలకూ పొత్తు కుదరలేదు. నా అభిప్రాయం అడిగితే, ఆ నీరు మన మనవల కాలానికి వస్తే రానివ్వండి. వచ్చినా అది కూడా ఈ చెరువుల్లోకే, ఈ కాలువల్లోనే రావాలి. కాలువ లేని ఊరికి పంబ వచ్చినా ఒకటే, వైప్పారు వచ్చినా ఒకటే.

సాత్తూరు దాటాక యేరు ఆగ్నేయానికి తిరిగి నల్లరేగడి సీమలో పడుతుంది. ఎండకు కాలు దూరేంత బీటలు, వానకు చెప్పు ఊడిపోయేంత జిగట. ఒక్క వాన పడితే ఆ తడిని పట్టుకొని పత్తిచెట్టు నెలల తరబడి నిలుస్తుంది. నీరు లేని చోట జనం పొడిపని వెతుక్కున్నారు. 1920లలో శివకాశివాళ్ళు కలకత్తా వెళ్ళి అగ్గిపెట్టెల పని నేర్చుకొచ్చారు. ఆ పనికి కావలసిన పొడిగాలి ఈ సీమలో కొరత లేనిది. ఈ కరిసల్ నేలనూ, ఇక్కడికి వలస వచ్చిన తెలుగు కుటుంబాలనూ తమిళంలో కథలుగా రాసినవారు కోవిల్‌పట్టి దగ్గర ఇడైసెవల్‌కు చెందిన కి. రాజనారాయణన్. ఇంటి భాష తెలుగే. గోపల్లపురత్తు మక్కళ్ నవలకు 1991లో సాహిత్య అకాడెమీ బహుమతి వచ్చింది. 2021లో కాలం చేశారు.

యేటికి దక్షిణాన ఎట్టయపురం. ముత్తుస్వామి దీక్షితులు ఈ ఊరికి వస్తుంటే దారి పొడుగునా ఎండిన పొలాలు చూసి, అమృతవర్షిణి రాగంలో ఆనందామృతాకర్షిణి కీర్తన పాడారనీ, వాన కురిసిందనీ, చాలించమని మళ్ళీ అడగవలసి వచ్చిందనీ ఒక ఐతిహ్యం. ఆయన 1835లో ఈ ఊళ్ళోనే కన్నుమూశారు. ఆ వంశపు సుబ్బరామ దీక్షితుల సంగీత సంప్రదాయ ప్రదర్శిని 1904లో ఎట్టయపురంలోనే అచ్చయింది, అదీ తెలుగు లిపిలో. ఐతిహ్యం నిజమా కాదా అన్నది అలా ఉంచండి. వాన కోసం పాడారన్న కథ తంజావూరులో పుట్టలేదు, ఇక్కడ పుట్టింది.

విళాత్తికుళం దాటాక యేరు వెడల్పవుతుంది, తాటిచెట్లు ఎక్కువవుతాయి, నీటిలో ఉప్పు రుచి మొదలవుతుంది. సిప్పికుళం దగ్గర మన్నార్ సింధుశాఖలో కలుస్తుంది. కలుస్తుంది అన్నది మర్యాదకు అనే మాట. చాలా ఏళ్ళు ఇసుకతిన్నె యేటికీ సముద్రానికీ నడుమ గట్టులా నిలిచే ఉంటుంది. ఒడ్డున ఉప్పుమళ్ళు, జాలరుల పడవలు. ఆ తీరానికి ఉత్తరంగా వేంబారు వైపు సముద్రంలో చిన్న ద్వీపాలు కొన్ని ఉన్నాయి. వాటిలో ఒకదాని పేరు ఉప్పుతణ్ణి, ఇంకొకదాని పేరు నల్లతణ్ణి. అంటే ఉప్పునీళ్ళు, మంచినీళ్ళు. సముద్రం నడుమ కూడా ఈ సీమ జనం ముందు చూసుకున్నది నీటి రుచినే.